నాయన మారిపోయాడు, ఎవరికి చూపించాలి? మతిమరుపు, ప్రవర్తన మార్పుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక న్యూరాలజీ క్లినిక్‌లో డాక్టరు గారి గదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తూ నేను కూర్చునేది అక్కడే. నేను డాక్టరును కాను, సైకాలజిస్టును. పరీక్ష అయిపోయాక ఇంట్లోవాళ్లు తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు ఏళ్లుగా దాదాపు ఇవే. అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఇక్కడ ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఇక్కడ చదివి మందులు మాత్రం మార్చకండి.

## ఇంట్లో అనుమానం మొదలైనప్పుడు

బిహేవియరల్ న్యూరాలజిస్టు అంటే పిచ్చి డాక్టరా, నరాల డాక్టరా?

నరాల డాక్టరే. ఎంబీబీఎస్, ఎండీ తర్వాత న్యూరాలజీలో మూడేళ్ల డీఎం చేసి, ఆ పైన జ్ఞాపకం, మాట, ఆలోచన, నడవడిక దెబ్బతినే మెదడు జబ్బుల మీద ప్రత్యేకంగా పనిచేసేవారు. పక్షవాతంలో చెయ్యి ఎందుకు లేవడం లేదో న్యూరాలజిస్టు చూసినట్టే, మాట ఎందుకు తడబడుతోంది, నెమ్మదస్తుడు ఎందుకు మొండివాడయ్యాడు అన్నది వీరు చూస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఏమి అడిగినా అతని నోట వచ్చేది 'టాన్' అన్న ఒక్క మాటే. అతను చనిపోయాక మెదడును పరిశీలిస్తే ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. మాటకు మెదడులో ఒక చోటు ఉన్నట్టే సిగ్గుకు, ఓపికకు, జాలికి కూడా మెదడు దన్ను కావాలని తర్వాతి తరాల వైద్యులు గ్రహించారు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలా, న్యూరాలజిస్టు దగ్గరికా?

ఒక మోటు లెక్క చెబుతాను. యాభై దాటేదాకా ఏ మానసిక సమస్యా లేని మనిషిలో మొదటిసారి మార్పు వచ్చినా, మార్పుతో పాటు నడక, మాట, మూత్రం మీద పట్టు తేడాగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా ముందు న్యూరాలజిస్టుకు చూపించండి. చిన్న వయసు నుంచి వచ్చిపోతున్న దిగులు, భయాలు, అనుమానాలకు సైకియాట్రిస్టే సరైన మనిషి. తప్పు గుమ్మం ఎక్కామేమోనని బెంగపడకండి. అవసరమైతే ఆయనే ఈయన దగ్గరికి పంపుతాడు, ఈయనే ఆయన దగ్గరికి పంపుతాడు. ఇబ్బందల్లా ఏ గుమ్మమూ ఎక్కకుండా రెండేళ్లు గడిపేవాళ్లతోనే.

వయసొచ్చాక మతిమరుపు మామూలే కదా?

కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం మామూలే. పేరు నాలుక చివర ఆగి, స్నానం చేస్తుంటే గుర్తుకు రావడమూ మామూలే. నలభై ఏళ్లుగా పులిహోర కలిపిన చేయి చింతపండు పిసికి ఆగిపోయి, తర్వాత ఏం చేయాలో తోచక నిలబడటం మామూలు కాదు. రోజూ పాలు తెచ్చే వీధిలో దారి తప్పడం, అడిగిన మాటే పది నిమిషాల్లో నాలుగుసార్లు అడగడం, అడిగిన సంగతి కూడా గుర్తు లేకపోవడం మామూలు కాదు. మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన, నడవడిక క్రమంగా దెబ్బతినే మెదడు జబ్బు) ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా. మిగిలిన 92 శాతానికి పైగా జనానికి అది లేదు కదా. మరి వయసు ఒక్కటే కారణం ఎలా అవుతుంది?

మా నాయనకు జ్ఞాపకం బాగానే ఉంది. మనిషే మారిపోయాడు. ఇదీ జబ్బేనా?

అయి ఉండవచ్చు. నేను చూసినవాటిలో కుటుంబాలను ఎక్కువగా చీల్చేది ఇదే.

ఇలాంటి ఇళ్ల కథలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. యాభై అయిదేళ్ల మనిషి. చీటీల లెక్క నోటితో చెబుతాడు, మనవళ్ల పుట్టినరోజులు గుర్తుంటాయి. కానీ తిరుమల నుంచి ఎవరో లడ్డూలు తెస్తే పంచే లోపు నాలుగూ ఆయనే తినేస్తాడు. పెళ్లిలో పరాయి ఆడవాళ్లను చూసి అనకూడని మాట అంటాడు. సొంత అన్న పోతే శవం పక్కనే కూర్చుని కాఫీ అడుగుతాడు. 'పొగరు పట్టింది', 'ముసలితనంలో బుద్ధి గడ్డి తింది' అంటారు జనం. భార్య పుట్టింటికి వెళ్లిపోతుంది. కొడుకు మాట్లాడటం మానేస్తాడు. రెండు మూడేళ్లకు ఎవరో న్యూరాలజిస్టుకు చూపిస్తే మెదడు ముందు భాగం కుంచించుకుపోయినట్టు స్కాన్‌లో తేలుతుంది.

దీన్ని ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది. తీపి మీద ఆబ, సిగ్గు ఎగిరిపోవడం, ఎదుటివారి బాధ పట్టకపోవడం, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం, ఏ పనికీ కదలకపోవడం దీని ఆనవాళ్లు. జ్ఞాపకం మొదట్లో బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తనలో ఏదో తేడా ఉందని ఆ మనిషికి కూడా తెలియదు. డాక్టరు 'ఇది జబ్బు' అని చెప్పగానే ఏడ్చేసిన భార్యలను చూశాను. అది దుఃఖం ఒక్కటే కాదు. ఇన్నేళ్లూ ఆయన కావాలనే అలా చేస్తున్నాడని అనుకున్నారు మరి.

కాలేజీ అమ్మాయి. వారం రోజుల్లో ఏదేదో మాట్లాడుతోంది, నిద్ర లేదు. గాలి సోకిందంటున్నారు.

వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగవద్దు. రోగనిరోధక శక్తి పొరబడి మెదడు మీదే దాడి చేసే జబ్బు ఒకటి ఉంది. దీన్ని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. ఇందులో ఎన్‌ఎండీఏ రకాన్ని 2007లో గుర్తించారు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లలో కనిపిస్తుంది. కొందరిలో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. మొదట వింత మాటలు, భయం, నిద్ర లేమి; ఆ తర్వాత ఫిట్స్, నోరు వంకర్లు తిప్పడం, బిగుసుకుపోవడం. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ వంటి చికిత్స త్వరగా మొదలైతే చాలామంది కోలుకుంటారు. తాయెత్తు కట్టించుకోవాలనుకుంటే కట్టించుకోండి, ఆసుపత్రి మంచం మీద కూడా కట్టవచ్చు.

నిన్నటిదాకా బాగున్న అవ్వ రాత్రి నుంచి తికమకగా ఉంది. ఒక్క రోజులో మతి పోతుందా?

డిమెన్షియా ఒక్క రాత్రిలో రాదు. గంటల్లో, రోజుల్లో మొదలై, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే అది డెలీరియం. వెనుక మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం, కొత్త మాత్ర ఏదైనా ఉండవచ్చు. మాట, ముఖం, చేయి కూడా తేడాగా ఉంటే పక్షవాతం కావచ్చు. రెండింటికీ వెంటనే ఆసుపత్రి కావాలి.

## మొదటిసారి చూపించుకునే రోజు

మేం చిత్తూరు పక్కన పల్లెలో ఉంటాం. ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గరలో ఉన్న న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. 'బిహేవియరల్' అన్న బోర్డు కోసం వెతకకండి, అలాంటి బోర్డులు మన వైపు అరుదు. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకు రాయవేలూరు సీఎంసీ దగ్గర. చిక్కుముడి కేసులను బెంగళూరు నిమ్‌హాన్స్‌కు పంపుతుంటారు. తొలి రక్తపరీక్షలు, స్కాన్ ఇక్కడే చేయించుకుని వెళితే అక్కడ రోజులు కలిసివస్తాయి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

రోజూ ఆయనతో ఉండే మనిషిని తీసుకెళ్లండి. మిగతావన్నీ దాని తర్వాతే. సెలవుకు వచ్చిన కొడుకు, ఫోనులో స్పీకరు పెట్టిన కూతురు చాలా ప్రశ్నలు అడుగుతారు. డాక్టరు అడిగే ప్రశ్నకు జవాబు మాత్రం వంటింట్లో ఉండే కోడలి దగ్గరే దొరుకుతుంది. మొదట ఏది తేడాగా కనిపించింది, ఎప్పుడు, ఆ తర్వాత ఏది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. తేదీలు గుర్తు లేకపోతే 'మొన్నటి గంగ జాతరకు ముందు', 'మామిడి కోతలప్పుడు' అని రాసినా సరే. జబ్బు పేరు సగం ఆ వరుసలోనే బయటపడుతుంది.

మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి, పేరు లేని పొట్లాలతో సహా. కళ్లజోడు, వినికిడి మిషను మరవద్దు. వింతగా ప్రవర్తించినప్పుడు ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఉంటే ఇంకా మంచిది.

ఆయన ముందే ఆయన తప్పులన్నీ ఎలా చెప్పాలి?

చెప్పవద్దు. చీటీ రాసి ముందే లోపలికి పంపండి. పరీక్ష కోసం ఆయన నా గదికి వచ్చినప్పుడు మీరు డాక్టరుతో విడిగా మాట్లాడవచ్చు.

నాకేం జబ్బు లేదు, రానంటే రానంటున్నాడు.

'బీపీ, షుగరు చూపించుకుందాం' అని తీసుకురండి. అది అబద్ధమూ కాదు, ఇక్కడ అవి కూడా చూస్తారు. కోపిష్టి తాతలు కూడా భార్య 'నాకు తోడు రా' అంటే చాలాసార్లు బయలుదేరుతారు.

## పరీక్షలు

మా అమ్మ చదువుకోలేదు. పరీక్షలో తప్పుతుంది కదా?

చదువుకున్నవాళ్ల కోసం రాసిన పరీక్ష పెడితే తప్పుతుంది. ఆ తప్పు పరీక్షదే. కొత్తలో నేనూ ఈ పొరపాటు చేశాను. ఒక అవ్వను ఈరోజు తేదీ ఎంత అని అడిగాను. తెలియదంది. సున్నా వేశాను. వెళ్లబోతూ ఆమె, 'తొందరగా పంపు నాయనా, పెరటాసి మూడో శనివారం, తలిగ వేయాలి' అంది. పెరటాసి తమిళ నెల, ఆ శనివారాల్లో స్వామికి పెట్టే నైవేద్యమే తలిగ. క్యాలెండరు చూస్తే సరిగ్గా మూడో శనివారమే. తేదీ నాకు కావాలి గానీ ఆమెకు ఎందుకు? సున్నా కొట్టేసి మార్కు వేశాను.

అందుకే చదువు రానివారికి గడియారం బొమ్మ గీయడం, వందలోంచి ఏడేడు తీసేయడం లాంటివి పక్కన పెడతాం. సంతలో అర కిలో టమోటా ఇంత అయితే వందకు చిల్లర ఎంత రావాలి అని అడుగుతాం. చిన్న కథ చెప్పి, పది నిమిషాల తర్వాత మళ్లీ చెప్పమంటాం. జంతువుల పేర్లు ఒక నిమిషంలో ఎన్ని వస్తే అన్ని చెప్పమంటాం. తెలుగులోకి మార్చిన పరీక్షలు ఉన్నాయి, హైదరాబాదులో నిమ్స్ వైద్యులు ఆ పని చాలా చేశారు. ఇంకో మాట: చెవి వినబడనివాళ్లు, కంటిలో శుక్లం ఉన్నవాళ్లు ఈ పరీక్షల్లో ఉత్తపుణ్యానికి తప్పుతారు. ముందు వాటి సంగతి చూడాలి.

మా అత్తగారు తెలుగు వదిలేసి తమిళమే మాట్లాడుతున్నారు. కావాలనే చేస్తున్నారా?

కావాలని కాదు. డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్నప్పటి భాష మిగలడం చాలామందిలో చూస్తాం. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ఇళ్లలో ఇది నాకు తరచూ ఎదురయ్యేదే. పుట్టింటి భాష ఏదో ముందే చెబితే పరీక్ష ఆ భాషలో పెట్టిస్తాం.

రెండు భాషల వాళ్లకు ఒక మంచి కబురూ ఉంది. హైదరాబాదులో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. సంతలో రెండు భాషల్లో బేరమాడే మన అవ్వలకు ఇది బాగా వర్తిస్తుందని నాకనిపిస్తుంది.

ఎంఆర్‌ఐ నార్మల్ అని వచ్చింది. మరి జబ్బు లేనట్టేనా?

లేనట్టు కాదు. గడ్డ, రక్తస్రావం, నీరు చేరడం లాంటివి లేవని మాత్రమే దానర్థం. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ తొలి దశలో స్కాన్ మామూలుగానే ఉండవచ్చు. అటు స్కాన్‌లో 'వయసు వల్ల కుంచించింది' అని రాసినంత మాత్రాన డిమెన్షియా అనీ కాదు. ఇంట్లోవాళ్లు చెప్పిన వరుస, పరీక్షలు, స్కాన్ మూడూ కలిపి చూసి డాక్టరు ఒక మాటకు వస్తారు. ఫిల్ము పట్టుకుని నాలుగు క్లినిక్‌లు తిరగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇన్ని రక్తపరీక్షలు ఎందుకు? నయమయ్యే మతిమరుపు కూడా ఉంటుందా?

ఉంటుంది. ఆ పరీక్షలన్నీ దాన్ని వెతకడానికే. విటమిన్ బి12 తగ్గితే మతిమరుపు, చిరాకు వస్తాయి. చిన్నప్పటి నుంచీ పూర్తి శాకాహారం తినేవారిలో, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ విటమిన్ తగ్గే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ తగ్గినా మెదడు మందగిస్తుంది. స్నానాల గదిలో జారిపడిన నెలకు తల లోపల రక్తం గడ్డకట్టి తికమక మొదలుకావచ్చు, ఆపరేషన్‌తో తీసేస్తారు. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడక, ఆపుకోలేని మూత్రం, మతిమరుపు మూడూ కలిస్తే మెదడులో నీరు చేరిందేమో చూస్తారు. మద్యం ఎక్కువగా తాగేవారిలో బి1 లోపం జ్ఞాపకాన్ని తినేస్తుంది, తొందరగా ఎక్కిస్తేనే ఫలితం. దిగులు జబ్బు కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది.

మందుల షాపులో అడిగి కొనుక్కునే జలుబు మాత్రలు, నిద్రమాత్రలు కూడా పెద్దవాళ్ల మతిని మందగింపజేస్తాయి. ఎన్నోసార్లు డాక్టరు గారు చేసిన మొదటి చికిత్స సంచిలోంచి ఒక మాత్ర తీసి పక్కన పెట్టడమే.

## మందులు మొదలయ్యాక

మందులు వాడితే తగ్గిపోతుందా?

అల్జీమర్స్‌ను తిప్పి పంపే మందు ఇంకా లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్ కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో పెడతాయి. 'ఏం తేడా లేదు, ఆపేశాం' అంటారు చాలామంది. ఆరు నెలలుగా దిగజారకుండా ఉంటే తేడా ఉన్నట్టే. వికారం, విరేచనాలు, నాడి మందగించడం, పీడకలలు వస్తే డాక్టరుకు చెప్పండి, మీరే ఆపకండి. పట్టీలాగా అంటించే మందు అయితే కొత్తది వేసే ముందు పాతది తీశారా చూడండి. వీపు మీద మూడు పట్టీలతో, వాంతులతో వచ్చిన తాతను చూశాను.

ఫ్రాంటోటెంపోరల్ రకంలో డోనెపెజిల్ పనిచేయదు, కొందరిలో చిరాకు పెంచుతుంది. జబ్బు పేరు కచ్చితంగా తేల్చడం ఎందుకంటే ఇందుకే.

అమెరికాలో కొత్త ఇంజెక్షన్ వచ్చిందట కదా?

లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అక్కడ పూర్తి అనుమతి వచ్చింది. అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవారికే అవి. క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, పోయినదాన్ని తెచ్చిపెట్టవు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎంఆర్‌ఐ తీయాలి. ఇంట్లోవాళ్లను గుర్తుపట్టని దశలో ఉన్నవారి కోసం పొలం అమ్మి వీటి వెంట పడవద్దు.

రాత్రంతా అరుస్తున్నాడు, కొడుతున్నాడు. పడుకోబెట్టే మాత్ర ఇప్పించండి.

ముందు ఎందుకు అరుస్తున్నాడో చూడాలి. మలబద్ధకం, పంటి నొప్పి, మూత్రంలో మంట, చీకటి భయం, ఇవి నోటితో చెప్పలేనివాడు చేత్తో చెబుతాడు. మానసిక జబ్బులకు వాడే గట్టి మాత్రలు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. లేని మనుషులు, పిల్లలు కనిపిస్తున్నారంటూ, వణుకు, బిగుతు కూడా ఉంటే అది లూయీ బాడీ రకం డిమెన్షియా కావచ్చు. వారికి హాలోపెరిడాల్ లాంటి ఆ గట్టి మాత్రలు ఇస్తే ఒక్కసారిగా కొయ్యబారిపోవచ్చు. తప్పనిసరైతే డాక్టరు తక్కువ మోతాదులో, కొద్ది వారాలకే ఇస్తారు. పక్కింటాయన మాత్ర పనిచేసిందని తెచ్చి వేయకండి.

సరస్వతి ఆకు లేహ్యం వాడవచ్చా?

డిమెన్షియా నయమైందనడానికి ఆధారం లేదు. వాడుతుంటే సీసా తెచ్చి చూపించండి, దాచవద్దు.

## ఇంట్లో రోజులు గడిచేటప్పుడు

సొంత ఇంట్లోనే కూర్చుని 'ఇంటికి పోతాను' అంటుంది. ఏం చెప్పాలి?

'ఇదే మన ఇల్లు' అని వాదించవద్దు. ఆమె అడుగుతున్నది చాలావరకు చిన్నప్పటి ఇల్లు. 'ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?' అని అడగండి. బావి, చింతచెట్టు, తమ్ముడు ఒక్కొక్కటిగా వస్తారు. అరగంటలో ఆ ఊపు తగ్గుతుంది. ఈ గొడవ సాధారణంగా పొద్దుగూకే వేళకు పెరుగుతుంది. అయిదింటికే లైట్లు వేసి, అన్నమయ్య కీర్తన పెట్టి చూడండి. పేర్లు మరిచినవాళ్లు కూడా పల్లవి అందుకుంటారు, పాట జ్ఞాపకం చాలాకాలం నిలుస్తుంది.

అన్నం తిని, కోడలు పెట్టలేదని పక్కింట్లో చెబుతోంది. పరువు పోతోంది.

పక్కింటివాళ్లకు జబ్బు సంగతి చెప్పేయండి. దాచినంతకాలమే పరువు సమస్య. తిన్న కంచం కడగకుండా ఆమె ముందు కాసేపు ఉంచండి. చిన్న చిన్న ముద్దలుగా రోజుకు అయిదుసార్లు పెట్టినా మంచిదే.

మొక్కు ఉంది. తిరుమలకు తీసుకెళ్లవచ్చా?

తొలి దశలో తీసుకెళ్లవచ్చు, కాకపోతే ఇద్దరు తోడు ఉండాలి. రద్దీ రోజులు మానేయండి. వృద్ధుల దర్శనం నియమాలు బయలుదేరే ముందు కనుక్కోండి. కంపార్టుమెంట్లలో గంటలు కూర్చోవడం వీరి వల్ల కాదు. జేబులో చీటీ కాదు, చేతికి కట్టిన పట్టీ మీద పేరు, రెండు ఫోను నంబర్లు రాయండి.

ఎవరికీ తోచని సంగతి ఒకటుంది. పొద్దున తీసిన ఫొటోలో జుట్టు ఉంటుంది. తలనీలాలు ఇచ్చాక తప్పిపోతే ఆ ఫొటో ఎవరికి చూపించినా గుర్తుపట్టరు. కల్యాణకట్ట నుంచి బయటికి రాగానే, కట్టుకున్న బట్టలు కనిపించేలా ఇంకో ఫొటో తీసుకోండి. గుండుతో అద్దంలో తనను తానే గుర్తుపట్టక భయపడేవాళ్లూ ఉంటారు. అలాంటివారికి మూడు కత్తెర్లతో మొక్కు తీర్చుకోవచ్చు.

ఇంకా మోపెడ్ నడుపుతున్నాడు. ఆపమంటే కోపం.

దారి తప్పినా, గీతలు పడి బండి ఇంటికి వచ్చినా ఆపించాల్సిందే. ఆ మాట డాక్టరు చేత చెప్పించండి, చీటీ మీద రాయించండి. బిడ్డల మాట వినని తండ్రులు ఆ కాగితాన్ని వింటారు.

బ్యాంకు, పొలం కాగితాలు ఎప్పుడు చక్కబెట్టుకోవాలి?

జబ్బు పేరు తెలిసిన నెలలోనే, ఆయనకు అర్థం చేసుకునే శక్తి ఉండగానే. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని నిశ్చింతగా ఉంటారు. మన చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే అది చెల్లదు. తర్వాత మిగిలేది కోర్టు దారే. ఉమ్మడి ఖాతా, నామినీ, వీలునామా గురించి వకీలును కలవండి. వీలునామా రాసే రోజుకు ఆయన మనసు నిలకడగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుంటే రేపు అన్నదమ్ముల మధ్య తగాదా తగ్గుతుంది.

మా అమ్మకు వచ్చింది. నాకూ వస్తుందా?

ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ చాలావరకు నేరుగా వంశంలో దిగే జబ్బు కాదు, అవకాశం కొంత పెరుగుతుంది అంతే. నలభైల్లోనే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే జన్యు పరీక్ష గురించి మాట్లాడాలి. మన చేతిలో ఉన్నదీ తక్కువేమీ కాదు. డిమెన్షియాలో 45 శాతం దాకా 14 కారణాలను సరిదిద్దితే తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాల్, పొగ, మద్యం, తలకు దెబ్బలు, వినికిడి లోపం, ఒంటరితనం ఆ పద్నాలుగులోనివే. హెల్మెట్ కూడా మతిమరుపు మందే అని నేను అంటుంటాను, అందరూ నవ్వుతారు.

చూసుకునే నాకే ఓపిక పోతోంది. నిన్న చెయ్యి చేసుకున్నాను.

ఈ మాట నాకు చాలామంది చెప్పారు, మీరు ఒక్కరే కాదు. దీన్ని మీ దుర్మార్గంగా కాక, తోడు కావాలన్న గంటగా వినండి. వారంలో ఒక పూట ఇంకెవరైనా కాపలా ఉండాల్సిందే, అడిగి తీసుకోండి. మీతో మాట్లాడటానికి టెలి మానస్ ఉచిత నంబరు 14416, పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉన్నాయి. మీ నిద్ర, మీ బీపీ గురించి కూడా డాక్టరుకు చెప్పండి.

మళ్లీ ఎప్పుడు రావాలి?

మందు కొత్తగా మొదలైతే నెలకు, కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకు. పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, మింగలేకపోతున్నా, రెండు రోజుల్లో బాగా దిగజారినా వెంటనే. వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురండి. నిద్ర, తిండి, కొత్తగా కనిపించిన వింత, రోజుకు ఒక్క వరుస రాసి ఉంటే చాలు. పెద్దాయన నడవలేని స్థితిలో ఉంటే, బండి కట్టించుకుని వచ్చే ముందు ఫోను చేయండి. మందుల చీటీ కోసమే అయితే ఆ నోటుబుక్కుతో మీరొక్కరే వచ్చినా సరిపోవచ్చు.